ఎత్తు తగ్గిన బంతి

రాజేందర్ ఆటలో తప్పులు పట్టడానికి ఆ ఏడు దోహాలోని అల్ మన్సూరా పేటలో అర్హత లేని తెలుగువాడంటూ లేడు. జన్మలో ఒక్కసారి వాలీబాల్ ముట్టుకోనివాడు కూడా రసూల్ టీ దుకాణంలో బల్ల మీద కూర్చుని, కరక్ చాయ్ చప్పరిస్తూ, ఆ కుర్రవాడి వేళ్ళు ఎక్కడ వంగాలో, చూపు ఎటు ఉండాలో చెప్పేవాడు. తొంభై ఆరు చలికాలం అది. పొద్దంతా ఇనుమూ సిమెంటూ మోసి వచ్చిన మనుషులకు మాట్లాడుకోవడానికి వేరే ఏముంది? ఇంటి సంగతులు ఎత్తితే నిద్ర పట్టదు. కంపెనీ సంగతులు ఎత్తితే అన్నం సయించదు. రాజేందర్ సంగతి ఎంతసేపు మాట్లాడుకున్నా ఎవరికీ ఏమీ కాదు, రాజేందర్‌కు తప్ప.

అతను తెలుగువాళ్ళ టీముకు లిఫ్టరు. వెనక వరసవాళ్ళు ఆపిన బంతిని నెట్టు పక్కన నిలబడి గాలిలోకి లేపి ఇవ్వడం అతని పని. దాన్ని షూటరు ఎగిరి అవతలికి కొడతాడు. ప్రతి బంతీ లిఫ్టరు చేతుల మీదుగానే పోవాలి గనుక, పోయిన ప్రతి పాయింటూ అతని మెడకే చుట్టుకునేది. ఇరవై రెండేళ్ళవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమన్నా తలూపి ఊరుకునేవాడు.

అందరికంటే గట్టిగా తిట్టేది హన్మాండ్లు. ఆయన రాజేందర్‌కు సొంత మేనమామ, టీముకు పెద్ద షూటరు.

“నా అల్లుడైతే ఏంది? తప్పు తప్పే,” అనేవాడు చాయ్ కప్పు బల్ల మీద కొట్టి. “బంతి గదువ కాడికి ఇస్తుండు. దాన్ని నేను కొట్టాల్నా, సంకల వెట్టుకొని ఇంటికి పోవాల్నా?”

అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఎప్పుడూ కాస్త త్వరగా ఆగిపోయేదని ఆయన గమనించలేదు.

హన్మాండ్లుది ఆర్మూరు పక్క పల్లె. మీసం సరిగా రాకముందే బడి మైదానంలో షాట్లు కొట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు కూడు పెట్టలేదు గనుక ఏజెంటు చేతిలో పడి ఖతార్ వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ఒకటే పని, ఇనుప రాడ్లు వంచి కట్టడం. స్లాబు మీద గొంతుకూర్చుని, కాలే ఇనుముకు తీగ చుట్టి మెలిపెట్టడం. దోహాలో ఆయన కట్టిన ఇనుము ఎన్ని గోడల్లో దాగి ఉందో ఆయనకే తెలియదు. భార్య విజయరాణి ఊళ్ళో బీడీలు చుడుతుంది. రెండేళ్ళకోసారి ఇంటికి పోతే మొదటి వారం ఇద్దరూ కొత్తవాళ్ళలా మాట్లాడుకుంటారు, అలవాటు పడేసరికి సెలవు అయిపోతుంది. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, తల నెరవడం, ఇవన్నీ ఆ పనిలో వచ్చేవే అనుకుని ఆయన పట్టించుకోలేదు. శుక్రవారం సాయంత్రం ఫ్లాట్ల వెనక ఇసుక జాగాలో నెట్టు ముందు నిలబడితే ఆయనకు ఆ నొప్పులేవీ గుర్తుండేవి కావు. వారమంతా ఒక మనిషి గడిపే బతుకు, ఆ ఒక్క సాయంత్రం కోసమే అన్నట్టు ఉండేది.

మూడేళ్ళ కింద చెల్లెలు పోచవ్వ ఏడ్చి మొత్తుకుంది. “అన్నా, నా కొడుకును నీతోని దుబాయ్ తీస్కపో. ఇక్కడుంటే ఆగమైతడు,” అని. దుబాయ్ కాదే, ఖతార్ అని చెప్పినా ఆమెకు అన్నీ దుబాయే. అలా వచ్చాడు రాజేందర్. పోయిన జూలైలో స్లాబు మీద ఎండదెబ్బకు కళ్ళు తేలేసి పడిపోతే హన్మాండ్లే భుజాన వేసుకుని మెట్లు దించాడు. ఆ రోజు నుంచి ఆయన మనసులో ఒకటే బెంగ. వచ్చే ఎండాకాలం లోపల పిల్లవాణ్ని ఆ స్లాబు మీది నుంచి దించాలి.

దారి ఒకటి దొరికింది. కంపెనీల పోటీలకు వాళ్ళ కంపెనీ వాలీబాల్ టీము పెడుతోంది. అందులోకి తీసుకున్నవాళ్ళను స్టోరు డ్యూటీకి మారుస్తారు, అంటే నీడ పట్టున పని. లిఫ్టరు చోటు ఒక్కటే ఖాళీ. ఈ శుక్రవారం పక్క పేట ముంతజా మలయాళీలతో తెలుగువాళ్ళ ఆట చూడటానికి, ఆ టీముకు మనుషుల్ని ఎంచే క్యాంప్ బాస్ ముఖ్తార్ స్వయంగా వస్తానన్నాడు. రాజేందర్‌ను ఆడించకపోతే చూసేదేమీ లేదు. ఆడించాక చెడగొట్టినా అంతే.

టీము కెప్టెన్ పెద్దన్న. రాజంపేట వైపు మనిషి, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒక అరబ్బు ఇంటి డ్రైవరు. అతని తలనొప్పి వేరే. రాజేందర్ వద్దు, గిరిని లిఫ్టరుగా పెట్టమని సగం మంది పోరు. గిరి అమలాపురం కుర్రాడు, పక్క వీధిలో ఒక ఇంట్లో వంటపని. గొప్ప లిఫ్టరేమీ కాదు గానీ బంతిని ఒకే ఎత్తున ఇస్తాడని పేరు.

గురువారం సంజె నమాజు అయ్యాక తేల్చేద్దామని రసూల్ దుకాణంలో చేరారు. ఆ పూట గదిలో వంట వంతు రాజేందర్‌ది, అందుకని అతను రాలేదు. పోయిన వారం ఆటను ఒక స్టూడియో మలయాళీ వీడియో తీశాడు. ఆ క్యాసెట్టు రసూల్ అడిగి తెచ్చాడు. టీవీలో చూస్తే పిల్లవాడి లోపం ఎక్కడుందో తెలిసిపోతుందని ఆలోచన హన్మాండ్లుదే.

“పెట్టు రసూల్, అందరు సూడుండ్రి. నేను జెప్తే అల్లుణ్ని ఆడిపోసుకుంటున్నా అంటరు,” అన్నాడు.

తెర మీద గీతలు కదిలి ఆట కనిపించింది. రాజేందర్ మొదటి బంతి లేపాడు. చక్కగా, నెట్టు మీద ఎత్తుగా లేచింది. ఎడమ మూల నుంచి నెరిసిన జుట్టు మనిషొకడు బరువుగా పరుగెత్తి వచ్చి చెయ్యి విసిరాడు. బంతి ఆ చేతికి జానెడు పైనుంచి పోయి పక్క గీత అవతల ఇసుకలో పడింది.

‘ఎవడీ ముసలోడు?’ అనుకున్నాడు హన్మాండ్లు.

మరుక్షణం ఆ మనిషి వెనక్కి తిరిగాడు. ఆ ముఖం తనది.

మళ్ళీ బంతి, మళ్ళీ అదే ఎత్తు. తెర మీది హన్మాండ్లు ఎగిరాడు. ఎగిరాడని ఆయన అనుకున్నాడు గానీ, పాదాలు ఇసుకను వదిలాయో లేదో కూడా తెలియలేదు. తప్పిపోయింది. మూడోసారి రాజేందర్ ఒక్క క్షణం మామ వైపు చూసి, చేతులు కాస్త దించి, బంతిని తక్కువగా ఇచ్చాడు. దాన్ని ఎలాగో అవతలికి తోశాడు మామ. ఆ తర్వాత బంతి ఇంకొంచెం తగ్గింది. కుడి మూలన ఉన్న రెండో షూటరు మస్తాన్‌కు ఎప్పుడైనా ఒక బంతి పోతే మాత్రం అది మొదటి బంతిలాగే ఎత్తుగా లేచేది. అలాంటివి నాలుగో అయిదో. మిగతావన్నీ మామ ‘నాకియ్యి, నాకియ్యి’ అని అరిచి అడిగి తీసుకున్నవే.

“లిఫ్టు బిరీన ఇచ్చినాడప్పా. అదీ వాని రోగం,” అన్నాడు పెద్దన్న, చాయ్ కప్పులోకి చూస్తూ.

“అవునండీ, కొంచెం తొందరపడ్డాడు,” అన్నాడు గిరి. రేపటి చోటు తనకే దక్కేలా ఉన్నా, గొంతులో సంబరం లేదు.

రసూల్ ఖాళీ కప్పులు ఏరడానికి వచ్చి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. ఏరవలసినవి రెండే కప్పులు, అయినా కదల్లేదు.

అప్పుడు తెలిసింది హన్మాండ్లుకు. ఇక్కడ కొత్తగా చూస్తున్నది తనొక్కడే. వీళ్ళందరికీ ఎప్పుడో తెలుసు. పెద్దమనిషి మొహం మీద అనలేక పిల్లవాడి మీద పెట్టి అంటున్నారు, తనేమో అందరికంటే ముందుండి తాళం వేశాడు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

“జరుగు రసూల్. ఎన్కకు తిప్పు.”

“టేపు పాడైపోతాదన్నా.”

“తిప్పు.”

మళ్ళీ చూశాడు. మళ్ళీ ఆ ముసలివాడు పరుగెత్తి వచ్చాడు, మళ్ళీ చెయ్యి అందలేదు.

“ఎప్పటి సంది, పెద్దన్నా?” అని అడిగాడు తెర వైపే చూస్తూ.

పెద్దన్న కప్పు కింద పెట్టాడు. “ఏం జెప్పాలన్నా… పోయిన రంజాన్ కాడ్నుంచి అనుకుంటా. నీకు చెప్పేంత మొగోడు యాడుండాడు మాలో?”

“రేపు పిలగాడు ఆడుతడు. నా మూలకు మస్తాన్‌ను వెట్టు. మస్తాన్ జాగల గిరి ఆడుతడు,” అన్నాడు హన్మాండ్లు లేస్తూ. “నేను ఆడ.”

వద్దని ఎవరైనా అంటారేమోనని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ అనలేదు. అంతకంటే ఎక్కువ నొప్పి ఆ సాయంత్రంలో ఇంకేదీ లేదు.

కంపెనీవాళ్ళ గదులు రెండు సందుల అవతల పాత ఇంట్లో. రాజేందర్ వంటగదిలో ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. మామ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“బంతి ఎందుకు తక్కువ ఇస్తున్నవ్ రా?”

“సరిజేసుకుంట మామా,” అన్నాడు రాజేందర్, రోజూ చెప్పే మాటే.

“వీడియో జూసిన.”

కత్తి ఆగింది. రాజేందర్ దాన్ని పక్కన పెట్టాడు. “నన్ను మోసుకొని దించిన నాడే గదా నీ మోకాలు వొయింది మామా. నా పాణం కోసం వోగొట్టుకున్నవ్. నువ్వు బంతి కొట్టకపోతే నేను సూడలేను. నీకు ఎంత ఎత్తు గావాల్నో నాకెర్కనే. తిట్లదేముంది, పడ్త.”

ఆ మాటను అలాగే ఉంచుకుంటే హన్మాండ్లుకు బాగుండేది. మేనల్లుడి ప్రాణం కోసం మోకాలు ఇచ్చిన మామ అనిపించుకోవడం, ముసలివాడైపోయిన షూటరు అనిపించుకోవడం కంటే ఎంతో మర్యాద. కానీ అది అబద్ధం.

“నీతోని గాదు బిడ్డా. అంతకు ముందుగాల్నే పోయింది. వయసు పోయింది, గంతే,” అన్నాడు. “రేపు నేను లేను. మంచిగ ఆడు.”

రాజేందర్ ఏదో అనబోయాడు. మామ అప్పటికే మంచం వైపు నడిచాడు. ఆ రాత్రి అన్నానికి లేవలేదు.

శుక్రవారం సాయంత్రం ముఖ్తార్ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. హైదరాబాదువాడు, మాట కటువు. ఆయన పక్కన హన్మాండ్లు, ప్యాంటూ చొక్కాతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆ జాగాలో ప్యాంటు వేసుకుని నిలబడటం ఆయనకు అదే మొదలు.

ఆట మొదలైంది. మలయాళీల సర్వీసును వెనకవాళ్ళు ఆపారు. రాజేందర్ ఎడమ మూలకు బంతి లేపాడు. తక్కువగా. పైన అందుకుందామని ముందే ఎగిరిన మస్తాన్ కిందకు వస్తూ వస్తూ దాన్ని నెట్టుకు కొట్టాడు.

“మల్ల అదే రోగం,” అన్నారెవరో వెనక నుంచి.

రెండో బంతీ అంతే. మూడోదీ అంతే. కుడి పక్క గిరికి ఇచ్చింది ఎత్తుగానే లేచింది, కానీ ఎడమ మూలకు వచ్చేసరికి ఆ చేతులు వాటంతటవే దిగిపోతున్నాయి. ఇన్ని నెలల అలవాటు ఒక్క రాత్రిలో ఎలా పోతుంది? మలయాళీలు పాయింట్లు కట్టుకుంటూ పోతున్నారు. పెద్దన్న గిరి వైపు చూశాడు, లిఫ్టరు చోటుకు రమ్మన్నట్టు.

ముఖ్తార్ జేబులోంచి కారు తాళాలు తీశాడు. “క్యా హన్మాండ్లూ, ఇదేనా నీ భాంజా, నీ అల్లుడు? బాల్ లేపుడే రాదు పోరనికి. యల్లా, నేను పోత.”

హన్మాండ్లు గీత దాకా నడిచాడు. గొంతు చించుకుని అరిచాడు.

“రాజేందర్! ఎవనికిస్తున్నవ్ రా? ఆ మూలకు నేను లేను! లేపు!”

ఇన్నాళ్ళూ అందరూ పళ్ళ బిగువున దాచిపెట్టిన మాట అది. దాన్ని ఆయనే, మలయాళీల ముందూ, తెలుగు రాని ఫిలిప్పీను డ్రైవర్ల ముందూ, ఫ్లాట్ల కిటికీల్లోంచి చూస్తున్న ఆడవాళ్ళ ముందూ అరిచి చెప్పేశాడు. రాజేందర్ మామ వైపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చెమటే అయి ఉండవచ్చు.

సర్వీసు వచ్చింది. గిరి ఆపాడు. రాజేందర్ బంతి కిందకు చేరి, మోకాళ్ళు వంచి లేపాడు.

బంతి నెట్టు దాటి, అవతలివాళ్ళ చేతులన్నీ దాటి పైకి పోయి, ఒక్క క్షణం అక్కడే ఆగినట్టు కనిపించింది. హన్మాండ్లు తలెత్తి దాన్నే చూశాడు. పాతికేళ్ళ వయసులో తనకు ఇలాంటి లిఫ్టరు దొరికి ఉంటే! దొరికాడు, ఇంత ఆలస్యంగా. దొరికినవాణ్ని తనకు అందే ఎత్తుకు దించి ఇన్ని నెలలు తొక్కిపెట్టాడు. మస్తాన్ ఎగిరి కొట్టిన దెబ్బకు ఇసుక లేచింది. ఆ తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ.

ముఖ్తార్ తాళాలు మళ్ళీ జేబులో వేసుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “అరే, వీడు మంచిగ ఆడుతుండు గదా! కబ్‌సే? ఎప్పటి సంది ఆడుతుండు ఇక్కడ?”

“ఇయ్యాల్టి సంది సాబ్,” అన్నాడు హన్మాండ్లు.