ఎక్కడా ఆగకుండా వచ్చిన దారి

ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదన్న కరోనా రోజుల్లో నేను అత్లోన్ ఊరు చూశాను. చావు పని కాబట్టి పోనిచ్చారు.

మా అమ్మాయి సునీత డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో ఉంటుంది, నర్సు. మనవడిని చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చినదాన్ని, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నాను. పక్కింటి లీజా కూడా నర్సే, ఫిలిప్పీన్స్ పిల్ల. ఆమె డ్యూటీకి పోతే చంటిపాప నా ఒళ్ళోనే ఉండేది. లీజాని పెంచింది మేనత్త రోసా. ఈ దేశం తీసుకొచ్చిందీ ఆవిడే. మోకాళ్ళ నొప్పులతోనే అత్లోన్‌లో వృద్ధుల హోములో పనిచేసేది. రైలెక్కితే గంటన్నర దూరం. అయినా పాపను ఒక్కసారైనా ఎత్తుకోకుండానే చనిపోయింది. రోజూ ఫోన్‌లో, "మొహం నిన్న చూశాగా, ఇవాళ పాదాలు చూపించు" అనేది. లీజా మేజోళ్ళు విప్పి చూపించేది.

అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. లీజా కంప్యూటర్లో చూసి ఏడ్చింది. తొమ్మిదో రోజు ప్రార్థనకు మాత్రం వెళ్ళాలంది.

"అమ్మా, వాళ్ళాయన పాప దగ్గరుండాలి. లీజాకి నువ్వు తోడెళ్ళు. మాస్కు ముక్కు కిందకి జారనీకు" అంది సునీత.

"నువ్వు నాకు అమ్మవా, నేను నీకా?" అంటూ పులిహోర పొట్లం సంచిలో వేసుకున్నాను.

పొద్దున్నే రెడ్ కౌ దగ్గర లువాస్ ట్రామెక్కి హ్యూస్టన్ స్టేషన్‌లో దిగాం. తొమ్మిది దాటాక రైలు. పెట్టె మొత్తానికి నలుగురం. టిక్కెట్లు చూసే పెద్దాయన ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. లీజా చెప్పగానే టోపీ తీసి, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అన్నాడు. చావు మాట వింటే ఇక్కడివాళ్ళు అనే మాట అదే. తర్వాత నాతో, "అత్లోన్‌లో దిగాక షానన్ నది చూడకుండా పోకండి" అన్నాడు. మీరెవరైనా వెళ్తే మీరూ చూడండి. స్టేషన్‌కి కాస్త అవతల వంతెన, కింద నిండు నీళ్ళు.

దారిలో లీజా వాళ్ళ పద్ధతులు చెప్పింది. చావింట్లో ఊడ్చకూడదట. వచ్చినవాళ్ళని ఇంటివాళ్ళు గుమ్మం దాకా సాగనంపకూడదట.

"మా వైపు వెళ్ళొస్తాం అనకూడదు" అన్నాను.

"మరేమంటారు ఆంటీ?"

"ఏమీ అనం. లేచి వచ్చేస్తాం."

రోసా ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. లోపలికి ఒకసారి ఇద్దరినే రానిచ్చారు. రెండు కొవ్వొత్తుల నడుమ చితాభస్మం పెట్టె, ముందర ఆవిడ కోసం కాఫీ కప్పు. నేల మీద రంగుల చాప, రోసా చేతి అల్లికట. తుంగలాంటి గడ్డే. అంచు దగ్గర పోగులు లోపలికి మడిచిన తీరు అచ్చం మా ఊరి తుంగచాపలదే. దాని మీద మోకరించి ప్రార్థన చేశాం.

తర్వాత బంక బియ్యం, కొబ్బరిపాలు, నల్ల చక్కెర కలిపి ఉడికించిన తీపి ముక్కలు పెట్టారు. మనవడికి ఒక ముక్క పొట్లం కట్టుకోబోతే రోసా కొడుకు కంగారుపడ్డాడు.

"వద్దు ఆంటీ! చావింటి తిండి ఇంటికి పోకూడదు. మీరూ నేరుగా ఇంటికి పోవద్దు. దారిలో ఎక్కడైనా ఆగి కాస్త ఏదైనా తినండి. లేకపోతే పోయినవాళ్ళు వెంట వచ్చేస్తారు. ఆ ఆగడాన్ని పగ్‌పగ్ అంటాం, దులుపుకోవడం అన్నమాట."

"అన్నీ మూసేశారు కదా నాయనా, ఎక్కడ ఆగాలి?"

"పెట్రోలు బంకులోనైనా సరే!"

మేం లేచాం. ఎవరూ గుమ్మం దాకా రాలేదు. మేమూ ఏమీ అనలేదు.

బయట వాన. దుకాణాలన్నీ మూత. స్టేషన్ దగ్గర ఒక కిటికీలో కాఫీ అమ్ముతున్నారు. ప్రాణం లేచి వచ్చింది.

"ఇక్కడ ఆగుదామమ్మా."

"రైలు తప్పిపోతుంది ఆంటీ."

ప్లాట్‌ఫారం మీద చాలాసేపే నిలబడ్డాం. హ్యూస్టన్‌లో ఒక షాపు తెరిచే ఉంది. లీజా అటు చూడకుండా లువాస్ వైపు నడిచింది. ఇంట్లో పసిపిల్ల ఉంది. రెడ్ కౌలో దిగి నడుస్తుంటే, దారిలో పెట్రోలు బంకు కనబడగానే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మీ వాళ్ళ మాట మీద నీకు నమ్మకం లేకపోతే పోనీ, నాకోసం ఆగు. పాప ఉన్న ఇల్లు!"

"నమ్ముతాను ఆంటీ. అందుకే ఆగట్లేదు."

చేతిసంచి తెరిచి చూపించింది. అడుగున రేకు కాగితంలో ఆ తీపి ముక్క.

"ఒక్కసారి పాపని చూసుకోనివ్వండి. ఆవిడ నన్ను పెంచింది. నా బిడ్డకి చెడు చేస్తుందా?"

పాపను ఫోన్‌కి ఎత్తి పట్టుకున్నది ఎన్నోసార్లు నేనే. లీజా గబగబా నడుస్తోంది. కాసేపటికి పిలిచాను.

"మెల్లగా నడువు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కదా."

లీజా వెనక్కి తిరిగి నావైపు చూసింది. అక్కణ్ణుంచి ఇద్దరం నెమ్మదిగా నడిచాం.

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. వాళ్ళాయన తలుపు తీశాడు. లీజా లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం పక్కకి ఒదిగి దారి ఇచ్చి, కాసేపాగి తలుపు దగ్గరగా వేశాను. లీజా చేతులు కడుక్కుని పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఒక్కొక్క మేజోడే విప్పింది.

"చలిగా ఉంది కదా, ఎందుకు?" అన్నాడు వాళ్ళాయన.

పాప కాళ్ళు తపతపా కొట్టుకుంటూ నవ్వింది.

అత్లోన్ గురించి ఎవరైనా అడిగితే నది గురించి చెబుతాను, ఆ చాప గురించి చెబుతాను. మధ్యాహ్నం ఒక ఇంటి నుంచి మాట లేకుండా లేచి వచ్చినదాన్ని, ఈ ఇంట్లో మాత్రం లోపలున్న అందరికీ వినబడేలా "వెళ్ళొస్తాను" అని చెప్పి బయలుదేరాను.