అక్కతో పులికాట్ వెళ్ళిన ఆదివారం

జనవరి పంతొమ్మిది, ఆదివారం. వెళ్ళినవాళ్ళు: నేను, మా అక్క, దేవనహళ్ళి రైతు ఒకాయన, మా అపార్టుమెంటు రెండో బ్లాకులో ఉండే భార్యాభర్తలు, పరిచయం లేని పెద్దవాళ్ళు మరికొందరు, గైడు, డ్రైవరు. రానిది నా భార్య. మోకాళ్ళ నొప్పులతో అంతసేపు బస్సులో కూర్చోలేదు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నేను కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ ప్రతి కాగితం మీదా ముందు తేదీ, ఆ కింద హాజరైనవాళ్ళు ఉండాలి. ఆ వరస ఇంటికీ వచ్చింది. మామూలుగా హాజరు తర్వాత పేజీ నిండా రాస్తాను. ఆ రోజు మాత్రం నాలుగు వాక్యాలే ఉన్నాయి. మిగతాది ఇప్పుడు గుర్తు చేసుకుని రాస్తున్నాను.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పిల్లలు లేరు. బావ పోయాక బెళ్ళందూరులో మా ఇంటికే వచ్చేసింది. రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేసి నాలుగేళ్ళయింది. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారగానే డయాలిసిస్ సెంటరుకు తీసుకెళ్ళడం, ఆమె మిషన్ మీద ఉన్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చోవడం, తీసుకురావడం నా పని. ఇంట్లో ఆమెకు నీళ్ళు కొలిచి ఇవ్వడమూ నా పనే. ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. పండ్లలో చాలావాటికి, కొబ్బరినీళ్ళకు పూర్తిగా సెలవు. వాటిలో ఉండే పొటాషియం ఆమె ఒంట్లోంచి బయటికి పోదు, పేరుకుంటే గుండె ఆగవచ్చు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు.

ఆ ముందు శుక్రవారం, సెంటరు నుంచి ఇంటికి వచ్చే ఆటోలో అక్క అంది.

"ఆదివారం ఆ టూరు పోయొస్తానప్పా. సోమవారం నుంచి మిషన్ కాడికి పోను."

"ఎందుకక్కా?"

"చాలప్పా. సాకు." చాలు అన్న మాటనే కన్నడంలో మళ్ళీ అంది.

ఆటో రింగు రోడ్డు మీద ఆగి ఉంది. పక్కన ఆఫీసు బస్సులు. సాయంత్రం డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆమె తనతో ముందే మాట్లాడిందని చెప్పాడు. ఆపేస్తే వారం రోజులు, మహా అయితే రెండు వారాలు అన్నాడు. ఆమె అన్నీ తెలిసే చెబుతోందని, బలవంతం చేయడం సరికాదని, బాధ లేకుండా చూసుకోవడానికి మందులున్నాయని, ఒకవేళ మనసు మార్చుకుంటే సోమవారం ఎప్పటిలాగే తీసుకురమ్మని అన్నాడు. ఆ మందుల పేర్లు రాసుకున్నాను. అక్షరాలు ఎప్పటిలాగే తిన్నగా వచ్చాయి. నాకు ఏడుపు గానీ కోపం గానీ రాకపోవడం చూసి నా భార్యే భయపడింది.

"దినమంతా పక్కనే కూర్చుంటారు కదా," అంది ఆమె శనివారం రాత్రి నా చొక్కా ఇస్త్రీ చేస్తూ. "సోమవారం వస్తాననే దాకా విడవద్దండి. మీ మాటైతే వింటుంది."

అలా ఆ ప్రయాణంలో నాకొక పని పడింది.

టూరు కాగితం అపార్టుమెంటు నోటీసు బోర్డు మీద అంటించి ఉండేది. పెద్దవాళ్ళకు మాత్రమే, తెల్లవారకముందే బయలుదేరి రాత్రికి తిరిగి రావడం, పులికాట్ సరస్సు, పక్షులు, పాత కట్టడాలు, భోజనం. అక్క అది చదివి సంక్రాంతికి ముందే పేర్లు రాయించింది. ఎందుకని అడిగితే, "ఉప్పు చెరువంట, చూడలేదు గదా" అంది. అంతకు మించిన కారణం ఉన్నట్టు నాకు తెలియదు.

అత్తిబెలె దాటేసరికి ఇంకా చీకటే. అక్క కిటికీ పక్కన కూర్చుని ఎడమ చేతిని కిటికీ వైపు పెట్టుకుంది. సూదులు గుచ్చేచోట ఆ చేతి నరం తాడులాగా ఉబ్బి ఉంటుంది, ఎవరూ తగలకూడదు. గైడు సూళ్ళూరుపేట వైపు ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి. సీటు సీటుకూ వచ్చి తలలు లెక్కపెట్టి, నెల్లూరు యాసలో రోజంతా ఏం చేస్తామో చెప్పింది. కృష్ణగిరి దగ్గర తెల్లవారింది.

ముందు సీట్లో దేవనహళ్ళి రైతు. కూతురు మా వైపే ఉంటుందట, ముందు రోజే వచ్చి అక్కడ పడుకున్నాడట. సంచిలోంచి చక్కోత పండు తీసి, తోలు ఒలిచి, తొనలు స్టీలు డబ్బాలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. మన పంపరపనసే అది, నారింజ జాతిది. వాళ్ళ ఊరు దానికి పెట్టింది పేరు.

"తీసుకోమ్మా. మా తోటది. బజారులో ఇట్లాంటిది దొరకదు."

అక్క నా వైపు చూసింది. నేను అలవాటుగా తల అడ్డంగా ఊపాను.

"మా తమ్ముడు పోలీసప్పా," అంది అక్క ఆయనతో. "ఆయప్ప లైసెన్సు ఇయ్యంది ఏమీ తినేదానికి లేదు."

"ఏం పోలీసు సామీ, ఒక తొనకు కూడా కేసు పెడతారా?"

"షుగరా అండి?" అంది పక్క వరసలోంచి రెండో బ్లాకు ఆవిడ.

"కిడ్నీ," అన్నాను.

"అయ్యో. అయినా ఎంత యాక్టివ్‌గా ఉన్నారండీ. చాలా పాజిటివ్ మీ సిస్టర్."

"ఆస్పత్రిలో పాజిటివ్ అంటే జబ్బుండాదనే గదమ్మా," అంది అక్క. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే గుర్తు.

వేలూరు దాటాక నా పని మొదలుపెట్టాను. బండి శబ్దంలో ఇతరులకు వినపడదని చూసుకుని, "ఉగాదికి ఊరికి పోదామంటివే అక్కా" అన్నాను.

"అంటి. ఇప్పుడు పోతాండాము గదా. ఊరు మారింది, అంతే."

"అది కాదు. ఇంకొన్ని నెలలు..."

"ఏ ఊరప్పా ఇది? ఇన్ని ఫ్యాక్టరీలుండాయి?"

చెప్పాను. ఆమె వాటిని చూస్తూ కూర్చుంది. ఇంకో రెండు కారణాలు కూడా సిద్ధం చేసుకుని వచ్చాను. ఒకటి నా భార్య గురించి, ఇంకొకటి నా గురించి. నా గురించినది చెప్పాలంటే నాకు ఏదో అనిపించాలి. ఎంత వెతికినా లోపల ఏమీ తగల్లేదు. ఆ రెండూ చెప్పకుండానే పొన్నేరి వచ్చింది.

పులికాట్ చిన్న ఊరు. చేపల వాసన, ఎండ, ఆ ఎండలో తెల్లగా మెరిసే నీళ్ళు. మొదట డచ్చివాళ్ళ సమాధుల తోటకు తీసుకెళ్ళారు. ఎప్పుడో వ్యాపారానికి వచ్చి ఇక్కడే చనిపోయినవాళ్ళు. గేటుకు అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉన్నాయి. గైడు వాటి గురించి చెబుతుంటే అందరూ ఫోటోలు తీసుకున్నారు. అక్క ఒకదాని దగ్గరికి వెళ్ళి పైనుంచి కిందికి చూసింది.

"ఈయప్ప నాకంటే బాగుండాడు. కాళ్ళు వాచలేదు."

రైతు పెద్దగా నవ్వి, వెంటనే ఆపేశాడు. గైడు నా ముఖం చూసింది. నేను ఆమెను, "తర్వాత ఎక్కడికమ్మా?" అని అడిగాను.

తర్వాత సరస్సు అంచుకు. ఒకచోట ఆడవాళ్ళు నడుము లోతు నీళ్ళలో వంగి, చేతులతో అడుగున తడుముతూ రొయ్యలు పడుతున్నారు. పట్టినవి వేసుకునే తాటాకు బుట్టను పళ్ళతో కరచుకుని ఉన్నారు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని. దూరంగా, నీళ్ళూ ఆకాశమూ కలిసేచోట గులాబీ రంగు గీత కనపడింది. అవే రాజహంసలు అన్నారు. రెండో బ్లాకు ఆయన తన బైనాక్యులర్స్ ఇచ్చాడు. గీత కాస్త లావయింది. మంచి దృశ్యమని తెలుస్తూనే ఉంది. చూసి, తిరిగి ఇచ్చేశాను.

భోజనం ఒక ఇంటి వెనక షెడ్డులో. రొయ్యల వేపుడు, చేపల పులుసు. అక్క అన్నంలో పులుసు ఒక చెంచా కలుపుకుని, మిగతాది నా ఆకులోకి తోసింది. భోజనాలయ్యాక మిగతావాళ్ళు గైడు వెంట సరస్సు మీద కట్టిన వంతెనపై నడవడానికి వెళ్ళారు. అక్క కాళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి. "మీరు ఈడే నీడలో కూర్చోండమ్మా, గంటలో వస్తాం" అని గైడు ఒక తాటాకు పందిరి కింద మాకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించింది.

ఆ పందిరి ఒక కొబ్బరి బొండాల ఆవిడది. మేం కూర్చున్న కాసేపటికి అక్క ఆమెను పిలిచి, ఒకటి కొట్టమని సైగ చేసింది. నేను ఏదో ఆలోచనలో ఉన్నాను. చూసేసరికి ఆవిడ మూడు దెబ్బల్లో మూతి తీసి అక్క కుడి చేతిలో పెట్టేసింది.

అక్క తాగలేదు. బొండాన్ని ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏమప్పా పోలీసూ. తాగల్నా, వద్దా?"

నేను సరస్సు వైపు చూస్తున్నాను.

"వద్దనాలంటే వద్దని చెప్పు. నీ మాట తీసేసి తాగను. నాలుగేండ్లు నువ్వు చెప్పినట్టే విన్నా గదా."

"వద్దంటే రేపు వస్తావా?"

"అది వేరే, ఇది వేరే."

"రెండూ ఒకటే అక్కా."

"నీకూ తెలుసు గదా. అందుకే అడుగుతాండా."

రేపు ఆమె మిషన్ మీదికి వెళ్ళేటట్టయితే ఆ నీళ్ళు తాగకూడదు. వెళ్ళనప్పుడు వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. వద్దు అనడం చాలా సులువు. చక్కోత పండుకు చేసినట్టు తల ఊపితే చాలు. ఆమె ఆ బొండాన్ని పక్కన పెట్టేసేది. మాట ఇచ్చింది కాబట్టి తాగేది కాదు. కానీ రేపు రాదు. దాహంతో ఇంటికి వచ్చేది, అంతే.

బొండాల ఆవిడకు మా మాటలు అర్థం కాలేదు గానీ మేం పోట్లాడుకుంటున్నామని అనుకుంది. తమిళంలో అక్కతో ఏదో అంది. తాజాదే, తాగమ్మా అన్నట్టుంది.

"తాగు," అన్నాను.

పొద్దున కాఫీ ఇస్తూ అన్నట్టే వచ్చింది ఆ మాట. అక్క నన్ను ఒక్క క్షణం చూసి, స్ట్రా తీసి పారేసి, బొండాన్ని ఎత్తి తాగింది. కొంత గడ్డం మీదుగా కారి చీర మీద పడింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ తాగింది. సగం కాకముందే నా చేతికిచ్చేసింది.

"చాలు. ఇంత తాగే అలవాటు పోయింది."

మిగతాది నేను తాగాను. కొంచెం ఉప్పగా ఉంది, ఆ నేల అలాంటిది. ఆ తర్వాత ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీసింది. వంతెన మీద మా వాళ్ళు వరసగా చిన్నగా కనపడుతున్నారు. వాళ్ళు వచ్చేదాకా నేను అక్క ఊపిరి వినపడుతోందా లేదా అని వింటూ కూర్చున్నాను. మిషన్ గది బయట కూడా నాలుగేళ్ళూ ఇలాగే కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో అంత్యాక్షరి పెట్టారు. అక్క పాడలేదు గానీ, రైతు అక్షరం తప్పిన ప్రతిసారీ పట్టుకుంది. "నీ చక్కోత తోటకు పోయి నేర్చుకో పోప్పా" అంది. నేను ఇక ఆ విషయం ఎత్తలేదు. ఇంటి తలుపు తీసిన నా భార్య నా ముఖం చూసి, అక్క చెప్పులు విప్పడానికి వంగింది.

సోమవారం అలవాటు చొప్పున అదే వేళకు మెలకువ వచ్చింది. తలుపు దగ్గర సెంటరుకు తీసుకెళ్ళే సంచి సర్దిపెట్టి ఉంది, దుప్పటి, స్వెట్టరు, బిస్కెట్లతో. నా భార్య ఎప్పుడు సర్దిందో తెలియదు. అక్క గదిలోకి వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది గానీ నిద్రపోవడం లేదు.

"అక్కా, టైమయింది."

"పోయి పండుకో పోప్పా. నీకూ నిద్ర చాల్లేదు."

హాల్లోకి వచ్చి సెంటరుకు ఫోన్ చేశాను. ఎప్పుడూ ఎత్తే నర్సే ఎత్తింది.

"ఈ రోజు రారా సార్? సాయంత్రం వేయమంటారా?"

"వద్దమ్మా."

"మరి బుధవారం?"

"బుధవారం కూడా వద్దు."

ఆమె గొంతు తగ్గించి, అక్కకు కేటాయించిన పొద్దున మొదటి వేళ కోసం ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారని, ఒకసారి ఇచ్చేస్తే మళ్ళీ దొరకదని, రెండు రోజులు ఆపి ఉంచమంటారా అని అడిగింది.

"ఇచ్చేయండి," అన్నాను.

వంటింట్లో నా భార్య వింది. స్టవ్ వెలిగించిన చప్పుడయింది. నేను డాక్టరు చెప్పిన మందులు తేవడానికి కింది మెడికల్ షాపుకు వెళ్ళాను. ఇంకా తెరవలేదు. మెట్ల మీద నిలబడి, తెరిచాక కొనుక్కుని వచ్చాను.

వచ్చేసరికి అక్క బాల్కనీలో ఎండలో కూర్చుని ఉంది. ముందు పేపరు పరిచి, దాని మీద అనపకాయల కుప్ప, చిక్కుడు జాతివి. ఈ నెలలో బెంగళూరులో ఏ ఇంట్లో చూసినా ఇవే.

"ఊరికే నిలబడితే ఎవరు వొలుస్తారప్పా? కూర్చో. గింజలు రాత్రికి నానేస్తే రేపు తోలు పోయేట్టు పప్పు పితుక్కోవచ్చు."

మందుల కవరు కిటికీ గట్టు మీద పెట్టి కూర్చున్నాను. కాయలు లేతగా ఉన్నాయి, వేళ్ళకు జిడ్డు పట్టింది. అక్క కుడి చేత్తో చీలుస్తోంది, ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. నేను వొలిచిన వాటిలోంచి ఒక గింజ తీసి నాకు చూపించింది.

"ఏం తనిఖీ చేసినావప్పా అన్నేండ్లు? పురుగుండాది చూడు."

నా భార్య కూడా వచ్చి గుమ్మంలో పీట వేసుకుంది. మామూలు సోమవారమైతే అక్కను మిషన్ మీద నుంచి దింపే వేళకు, మేం ముగ్గురం ఇంకా వొలుస్తూనే ఉన్నాం.