పసుపు అంటిన కాటా

2006. ఫిల్మ్ నగర్ మెయిన్ రోడ్డు మీద నాది కాటాల దుకాణం. అమ్మకం, రిపేరు రెండూ. హైటెక్ సిటీ జీతాల పుణ్యమా అని జూబ్లీహిల్స్ వంటిళ్లలోకి చిన్న డిజిటల్ కాటాలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. బోరబండలో మా నాన్న కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ణి కదా, బేరంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. గిరాకీలు ఆ నమ్మకాన్ని రోజూ కొంచెం సవరించి పోయేవారు.

ఒక మధ్యాహ్నం శ్రీనగర్ కాలనీ నుంచి మాధవిగారు వచ్చింది. ఇంట్లోనే గుడ్డు లేని కేకులు చేసి అమ్ముతుంది. నెల కిందట నా దగ్గరే కొన్న కాటాను తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"ఇది వాడుతున్నప్పటి నుంచి కేకు పొంగి, మధ్యలో కుంగిపోతోందండీ. తింటే చేదు. రేపు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి శాంపిల్ పంపాలి. నచ్చితే వాళ్ల పుట్టినరోజు కేకులన్నీ నావే. ఇదీ పాడైతే ఇంక మానెయ్యమంటున్నారు మా అత్తగారు. మనకి అచ్చిరాలేదంటారు."

ప్రభుత్వ ముద్ర ఉన్న అరకిలో తూకపు రాయి పెట్టాను. 498 చూపించింది.

"రెండు గ్రాములు వంటింట్ల తేడానే కాదమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. కాదంటే ఇంకో మోడల్ ఉంది, మీకని తగ్గించి ఇస్త."

"తగ్గించడం తర్వాతండీ. మీరు పెట్టింది అరకిలో. నేను తూచేది బేకింగ్ పౌడరు, అయిదు గ్రాములు."

అయిదు గ్రాముల రాయి తీసి పెట్టాను. మూడు చూపించింది. తర్వాత కార్నర్ టెస్ట్ చేశాను. అంటే అదే రాయిని పళ్లెం నాలుగు మూలలా పెట్టి చూడడం. ఒక మూలన రెండే చూపించింది. తెరమీద అయిదు వచ్చేదాకా పాపం ఈమె పౌడరు వేస్తూనే ఉందన్నమాట. కేకు పొంగి కుంగక ఏం చేస్తుంది?

పళ్లెం ఊడదీశాను. సందులో పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది. పళ్లెం దానికి పట్టేసి, బరువు పూర్తిగా లోడ్ సెల్‌కు, అంటే లోపల బరువును పసిగట్టే లోహపు ముక్కకు, చేరడం లేదు.

"పూజ గిట్ల చేసిండ్రా?"

"మా అత్తగారు. కొత్త వస్తువు ఏదైనా సరే, పసుపు రాయందే..." మాట మధ్యలో ఆగిపోయింది. "అయ్యో! నాకు కలిసిరావాలనే రాశారండీ. ఆవిడకి ఎలా చెప్పను?"

బ్రష్షుతో సందు శుభ్రం చేశాను. నాలుగు మూలలా అయిదు అయిదే వచ్చింది.

"దసరాకు మేం కూడా కాటాకు బొట్టు పెడ్తమమ్మా. గని మా నాన్న తక్కెడ స్తంభానికే పెట్టెటోడు, పళ్లేన్ని ముట్టనిచ్చెటోడు కాదు. దేవుడు ఒప్పుకున్నా గిరాకీ ఒప్పుకోడనెటోడు. కాటాలోళ్ల ఆచారం ఇట్ల ఉంటదని చెప్పుండ్రి."

ఆమె ముఖం తేటపడింది. ఇదే అదనని క్లీనింగ్ చార్జి యాభై అడిగాను.

"వారంటీ ఉందిగా?" అంది. ఆ వారంటీ నెల కిందటి బేరంలో నేనే ఇచ్చాను.

వారం తిరక్కుండానే అత్తగారే స్వయంగా వచ్చింది.

"ఆర్డరు వచ్చింది బాబూ. పెద్ద కాటా ఒకటి ఇవ్వు. బొట్టు ఎక్కడ పెట్టాలో కూడా నువ్వే చూపించు."

చూపించాను. ఆ తర్వాత నా లాభంలో సగం ఆవిడ బేరానికే పోయింది.

అదివరకు గిరాకీ రాగానే ఎంతలో కావాలని అడిగేవాణ్ణి. ఇప్పుడు, మీరు తూచేవాటిలో అన్నిటికన్నా తేలికైనది ఏమిటని అడుగుతాను. పెద్ద బరువు కింద కాటా తన తప్పును దాచుకోగలదు. చిటికెడు పొడి దగ్గర దొరికిపోతుంది.