డ్రైవింగ్ నేర్పబోయిన కమిటీ మెంబరు

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు అండగా నిలిచే చిన్న స్వచ్ఛంద సంస్థ ఒకటి ఉంది. దాన్ని ఐదుగురు నడుపుతారు. అధ్యక్షురాలు దక్షిణ సూడాన్ ఆవిడ, రిటైరైన నర్సు. ఉపాధ్యక్షుడిది సోమాలియా, బస్సు డ్రైవరు. ఆ కమిటీలో ఆరోవాడిగా నేను చేరాను. సేవాభావంతో చేరానని చెప్పుకోవాలనే ఉంది. కానీ ఆఫీసు ప్రమోషన్ ఫారంలో సమాజసేవ అనే గడి ఖాళీగా ఉండటమే అసలు కారణం.

ఇంట్లో చెబితే నా భార్య నవ్వేసింది. "వాళ్ల కుర్రాళ్లు కనిపిస్తే కారు డోర్స్ లాక్ చేసేది మీరే కదండీ? ఇప్పుడు వాళ్ల కమిటీలోనే మెంబరా?"

నిజమే. నా నలుపు తగ్గాలని మా అమ్మ పదేళ్లు నా మొహానికి శనగపిండి రుద్దింది. రవ్వంత కూడా తగ్గలేదు. అలాంటి నేను డోర్లు లాక్ చేసుకునేవాణ్ని. ల్యాప్‌టాప్ తెరిచి స్లైడ్లు చేయడంలో పడ్డాను.

మొదటి మీటింగులో "ఐదేళ్ల వ్యూహం" అంటూ నలభై రెండు స్లైడ్లు చూపించాను. అందరూ ఓపిగ్గా చూశారు. తెల్లవారుజామున డ్యూటీకెక్కిన ఉపాధ్యక్షుడు మాత్రం మధ్యలో ఒక కునుకు తీశాడు. అంతా అయ్యాక అధ్యక్షురాలు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు.

"చాలా కష్టపడ్డారు, బ్రదర్. మీకు కారు నడపడం వచ్చా?"

లైసెన్సు లేక పనికి వెళ్లలేని తల్లులకు డ్రైవింగ్ నేర్పడం అప్పట్లో వాళ్లు చేపట్టిన పని. ఎల్ బోర్డు పెట్టిన కారులో పక్కన కూర్చోవడానికి లైసెన్సున్న మనిషి కావాలి. వచ్చని ధీమాగా చెప్పాను. ఆ లైసెన్సు నాకు నాలుగో ప్రయత్నంలో దొరికిందని మాత్రం చెప్పలేదు.

నాకు అప్పగించిన విద్యార్థిని యాభై దాటిన పొడగరి. అద్దం ఎలా చూసుకోవాలో, బెల్టు ఎలా పెట్టుకోవాలో పావుగంట ఉపన్యాసమిచ్చాను. "భయపడకండి, కారు మనం చెప్పినట్టు వింటుంది," అని ధైర్యం కూడా చెప్పాను. ఆవిడ వినయంగా తలూపింది. షాపుల వీధిలో రెండు కార్ల మధ్య ఇరుకు జాగా చూపించి, రివర్సులో ఎలా పెట్టాలో చేతులు తిప్పుతూ వివరిస్తున్నాను. నా వాక్యం పూర్తయ్యేలోపే కారు లోపలికి చక్కగా జారి ఆగింది.

"ఇంతకుముందు నడిపారా?"

"మా దేశంలో లారీ. పదకొండేళ్లు ధాన్యం తోలాను. ఇక్కడి రూల్స్ తెలియవని వచ్చాను."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరు అంత శ్రద్ధగా చెబుతుంటే ఆపడం బాగుండదనిపించింది." తర్వాత, "ఏదీ, ఇప్పుడు మీరు పెట్టండి," అంది.

మొదటిసారి వెనక చక్రం పేవ్‌మెంటు ఎక్కింది. రెండోసారీ ఎక్కింది. ఎదురుగా బేకరీ ముందు మీట్‌పై తింటున్న ఒకాయన తినడం మానేసి చూడసాగాడు. ఆవిడ దిగి కారు వెనక నిలబడి, "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు," అంటూ నా చేత పెట్టించింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను రూల్స్ చదివి వినిపించేవాణ్ని, ఆవిడ నాకు రివర్సు నేర్పేది. ఈ సంగతి ఆవిడ కమిటీలో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదనుకోండి.

ఆవిడ మొదటిసారికే టెస్టు పాసైంది. ఫోన్లో వినగానే ఆఫీసులో కేకేశాను. నేను టెస్టు పాసైనప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

తర్వాత ఒకనాడు హాల్లో కుర్చీలు సర్దుతూ, "అసలు నన్నెందుకు తీసుకున్నారు?" అని అధ్యక్షురాలిని అడిగాను. ఏదో ఒక పొగడ్త ఆశించానని ఒప్పుకోవాలి.

ఆవిడ చేతిలోని కుర్చీ మడిచి గోడకు ఆనించారు. "దరఖాస్తులో ఆదివారాలు ఖాళీ అని రాసింది మీరొక్కరే," అన్నారు.

ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఏటా ఆ ఫారంలో ఆదివారాలు ఇంకా ఖాళీ అనే రాస్తున్నాను.