టాంకీ నిండేదాకా

ఒమాన్‌లోని సీబ్ పట్నం చివర కొత్తగా లేచిన విల్లాల వరుసలో ఉమైమా ఇంటికి నీళ్లు టాంకర్‌లో వచ్చేవి. నీలం రంగు బండి గేటు పక్కన ఆగుతుంది. డ్రైవరు దిగి, పైపు లాగి, నేలలో కట్టిన టాంకీలోకి నీళ్లు వదులుతాడు. మోటారు రొద పెడుతుంది. కాసేపటికి టాంకీ నిండుతుంది, బండి వెళ్లిపోతుంది. ఆ ఇంట్లో వంటపని చేసే శ్రీలతకు బతుకులో మిగిలిన సంతోషమంతా ఆ కాసేపట్లోనే ఉంది. భయమంతా కూడా అందులోనే ఉంది.

ఎందుకంటే ఆ డ్రైవరు రఘుపతి.

మెట్‌పల్లి పక్క ఊళ్లో ఇద్దరివీ ఒకే వాడలో ఇళ్లు. ఒకటే కులం, వరసకు బావే. ఆమె చాట ముందు కూర్చొని బీడీలు చుట్టే రోజుల్లో అతను ఖార్ఖానా నుంచి తునికాకు కట్టలు తెచ్చేవాడు. అందరికీ పడే ఆకు ఒక రకం, శ్రీలత చాటలో పడే ఆకు ఒక రకం అని తోటి ఆడవాళ్లు ఆటపట్టించేవారు. పెళ్లి మాట మాత్రం వేరే చోట నడిచింది. తండ్రి తన చెల్లెలి కొడుక్కు మాటిచ్చాడు. అయినా ఆయన మరీ మొండివాడేం కాదు. ముహూర్తం పెట్టే ముందు కూతుర్ని పిలిచి, నీకు ఇష్టమేనా అని ఒక్కసారి అడిగాడు. అప్పుడు నోరు తెరిచి చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. శ్రీలత తల దించుకొని, "నీ ఇష్టం నాయినా" అంది. ఆ నెల తిరక్కుండానే రఘుపతి గల్ఫ్ విమానం ఎక్కాడు.

ఆ తర్వాత ఇద్దరి కథా పెద్ద పొడుగేమీ కాదు. శ్రీలత భర్త కామెర్లతో పోయాడు. కూతురు సంగీత పెళ్లయి కోరుట్లలో కాపురం చేసుకుంటోంది. రఘుపతి ఒకసారి సెలవు మీద వెళ్లి చేసుకున్న పెళ్లి పంచాయితీలో తెగింది. నలభై దాటాక వంటపనికి ఇక్కడికి వచ్చిన శ్రీలత ఒక పొద్దున ఉమైమా ఇంటి గేటు తీసేసరికి, పైపు భుజాన వేసుకొని అతను ఎదురుగా నిలబడి ఉన్నాడు. తల సగం నెరిసింది. నవ్వు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మొదట్లో ఇద్దరూ నీళ్ల గురించే మాట్లాడుకున్నారు. తర్వాత ఊరి సంగతులు వచ్చాయి. ఎండలు ముదిరేసరికి అతను సూటిగానే అడిగాడు.

"మన కులంల మారుమనువు లేదా ఏంది? పెద్దమనుషులతోని నేను మాట్లాడుత. సంగీతకు నువ్వు చెప్పు. ముందుగాల నువ్వొక్క మాట అను, శ్రీలతా."

ఆలోచించి చెప్తానంది. వచ్చే వారం మళ్లీ అదే అంది. ఫోన్ నంబరు అడిగితే ఇవ్వలేదు. అతని నంబరు టాంకర్ పక్కన పెద్ద పెద్ద అంకెల్లో రాసే ఉండేది, ఆమెకు ఎప్పుడో కంఠతా వచ్చింది, కానీ ఒక్కసారీ నొక్కలేదు. కూతురు ఏమనుకుంటుందో, అల్లుడి ముందు పిల్ల తల వంగుతుందేమో, డ్రైవరుతో ఈ మాటలేంటని మేడం పనిలోంచి తీసేస్తుందేమో. శ్రీలత ఇంట్లో దేనికి కరువున్నా భయాలకు మాత్రం ఎన్నడూ కరువు లేదు.

నోరు తెరవలేని మనిషి నల్లా తెరిచింది. నీళ్లు తొందరగా అయిపోతే టాంకర్ తొందరగా వస్తుంది కదా. పొద్దున కడిగిన వాకిలి సాయంత్రం మళ్లీ కడిగింది. మాయని పరదాలు ఉతికింది. అదీ చాలక వెనక గోడ దగ్గరి నల్లా తిప్పి ఖర్జూరం చెట్ల మొదట్లోకి వదిలేసింది. సముద్రం నీళ్లలో ఉప్పు తీసి తాగే దేశంలో అది పాపమే. ప్రేమించినవాళ్లకు పాపభయం కాస్త ఆలస్యంగా వస్తుంది. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్టు, ఎవరూ చూడటం లేదనుకుంది. వారానికోసారి వచ్చే టాంకర్ వారంలో రెండుసార్లు రాసాగింది.

ఒక సాయంత్రం ఉమైమా భర్త టాంకీ మూత తీసి చూశాడు. ఎక్కడా పగులు లేదు. చెట్ల దగ్గరికి వెళ్తే బురదలో చెప్పు దిగబడింది. తోటపని చేసే షోయబ్‌ను పిలిచి కేకలేశాడు. చిట్టగాంగ్ నుంచి వచ్చిన షోయబ్ ఒట్టి సాధువు. ఈ మధ్య తాను పోయకముందే చెట్ల కింద తడిగా ఉంటోందని, అల్లా దయ అనుకున్నానని చెప్పాడు. ఎవరు నమ్ముతారు? ఇరుగుపొరుగు కార్లు కడగడానికి మన నీళ్లు ఇస్తున్నావని యజమాని తేల్చేశాడు. షోయబ్ వీసా క్యాన్సిల్ చేసి పంపించేస్తానన్నాడు. వీధిలోకి వచ్చిన పైపులైన్ కనెక్షన్ వెంటనే తీసుకుంటానన్నాడు. టాంకర్ ఇక రానక్కర్లేదన్నాడు.

వంటింటి కిటికీ వెనక శ్రీలత అంతా వింది. దొంగకు తేలు కుట్టినట్టయింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా కదల్లేకపోయింది. రఘుపతిని రప్పించుకోవాలని చేసిన పనే అతన్ని అసలు రాకుండా చేసింది. తన సంగతి సరే, తన ఖర్మ. ఇంటి దగ్గర పసిపిల్లలున్న షోయబ్ ఏం పాపం చేశాడు?

మర్నాడు టాంకర్ వచ్చింది. టాంకీ నిండేంతసేపూ యజమాని గేటు దగ్గరే నిలబడ్డాడు. ఇక మీదట రావద్దని అతనే చెప్పాడు. రఘుపతి పైపు చుట్టుకొని, బండి ఎక్కబోతూ ఆగి, శ్రీలత వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. బండి మలుపు తిరిగిపోయింది.  ఈసారీ నోరు తెరవనందుకు తన చెంపలు తానే వాయించుకోవాలన్నంత కోపం వచ్చింది.

మధ్యాహ్నం షోయబ్ తన గదిలో బట్టలు సర్దుకుంటూ కనిపించాడు. ఎవరినీ తిట్టడం లేదు, ఏడవడమూ లేదు. ఒక చొక్కాను పదే పదే మడత పెడుతున్నాడు. శ్రీలత చూడలేకపోయింది. చెయ్యి కొంగుకు తుడుచుకొని, నేరుగా ఉమైమా ముందుకు వెళ్లి నిలబడింది. ఉమైమా స్కూలు టీచరు, ఆ వేళ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

వచ్చీరాని హిందీ, నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కలు కలిపి శ్రీలత చెప్పింది. "మేడం, నీళ్లు షోయబ్ పారబోయలేదు. నేనే పారబోసిన. టాంకర్ రావాలని."

టాంకర్ ఎందుకు రావాలని ఉమైమా అడిగింది. ఇక దాచి లాభం లేదు. బీడీల చాట, తండ్రి అడిగిన మాట, తాను చెప్పని మాట, పైపు భుజాన వేసుకొని వచ్చిన మనిషి, అన్నీ బయటపడ్డాయి.  ఉమైమా ముఖం గట్టిపడింది. నీళ్లు పారబోయడం ఎంత తప్పో చెప్పి చీవాట్లు పెట్టింది. ముందు వెళ్లి షోయబ్‌ను క్షమించమని అడగమంది. తర్వాత ఒకే ఒక ప్రశ్న వేసింది, ఆ డ్రైవరుకు ఏం జవాబు చెప్పావని. ఏమీ చెప్పలేదని శ్రీలత ఒప్పుకుంది.

"షోయబ్ కోసం నోరు తెరిచావు. నీ కోసం తెరవడం రాదా?" అంది ఉమైమా.

శ్రీలత వెళ్లి క్షమాపణ అడిగింది, ఉమైమా భర్తకు నిజం చెప్పింది, షోయబ్ బట్టలు మళ్లీ మేకుకు వేలాడాయి. కొత్త పైపులో నీళ్లు వచ్చాయి. శ్రీలత మాత్రం తన పెట్టె ఎప్పుడు సర్దుకోమంటారోనని ముళ్ల మీద ఉన్నట్టే తిరిగింది. యజమాని ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు.  శుక్రవారం నమాజు నుంచి వచ్చాక అతను భార్యతో ఏదో చెప్పాడు. ఉమైమా వంటింట్లోకి వచ్చింది. ఆ మనిషి చాటుగా కాదు, ముందు గుమ్మంలోంచి రావాలని, అతిథులు కూర్చునే గది మజ్లిస్‌లో కూర్చొని ఖహ్వా కాఫీ తాగి, పెద్దల ముందు అడగాలని ఆయన అన్నాడట. ఫోన్ నువ్వే చెయ్యమని చెప్పి వెళ్లిపోయింది.

శ్రీలత అంకెలు నొక్కింది. అటువైపు బండి రొద. నీళ్లు ఎక్కడికి కావాలని రఘుపతి హిందీలో అడిగాడు.  రెండోసారి అడిగాడు. ఇక పెట్టేస్తాడు.

"నేను," అంది. "టాంకీ నిండుగనే ఉన్నది. నీళ్లు అక్కర లేదు."

అటువైపు బండి రొద ఆగింది. ఆమె కళ్లు మూసుకుంది.

"నాయిన అడిగిన నాడు నీ పేరు చెప్పకపోతి. ఇప్పుడు చెప్తున్న. నాకు నువ్వు గావాలె."

అతను హిందీ వదిలేశాడు. "ఎప్పుడు రావాలె?"

"ఇయ్యాలనే రా. మజ్లిస్‌ల కూసొని పెద్దల ముందట నువ్వే అడగాల్నట. నేనైతే చెప్పిన. ఇగ నువ్వు వచ్చి చెప్పు."

మాట అయ్యాక ఫోన్ పక్కన పెట్టలేదు.  అదే ఊపులో కోరుట్లకు కలిపి, కూతురు ఎత్తగానే, "సంగీతా, నీకొక మాట చెప్పాలె బిడ్డా" అంది.