సుబ్బారావు గారు చూడని సంగతి

నిన్న ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. అట్టపెట్టె విప్పగానే గుప్పుమన్న వాసనకు సుబ్బారావు గారు గుర్తొచ్చి, పని మానేసి కాసేపు కూర్చుండిపోయాను. ఆయన కువైట్‌లో, షువైఖ్ రేవు దగ్గర ఒక గోదాముకు స్టోర్‌కీపర్‌గా ఉండేవారు. నేను కువైట్‌కు నర్సుగా వచ్చిన కొత్తలో, శుక్రవారం మధ్యాహ్నాలు అబూ హలీఫాలోని తన ఇంట్లో మా కోనసీమ వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఈ దేశం కథ చెప్పేవారు. గోదాములో పారేసిన అట్టల మీద పటం గీసి, ఎడారి దాటి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెగలు, ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాళ్ళు, శత్రువులు రాకుండా ఊరి చుట్టూ కట్టుకున్న మట్టిగోడ, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పేవారు. భోజనం పెడతారని వెళ్ళిన నేను కథ కోసం వెళ్ళడం మొదలుపెట్టాను.

ఒక శుక్రవారం ఆయన కథలో, తొంభైలో ఇరాక్ సైన్యం ఈ దేశం మీదికి వచ్చిన రోజుల దాకా వచ్చారు. అప్పుడాయన ఇక్కడే ఉన్నారు.

"మా గదిలో అంబాజీపేట ఎంకన్నని ఓ డ్రైవరుండేవాడండి. తెల్లారి లేచేసరికి మనిషీ లేడు, బండీ లేదు. మమ్మల్నొదిలేసి తన దారి తను చూసుకున్నాడు," అన్నారు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఆ ఎంకన్న మా నాన్నండి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళని సౌదీ సరిహద్దు దాకా దింపడానికెళ్ళాడు. మీకోసం ఎనక్కొస్తుంటే దారిలో సైన్యం బండి లాక్కుని, ఇటు రానివ్వలేదు. పోయేదాకా మీ గురించే బాధపడ్డాడు."

సుబ్బారావు గారు చేతిలోని అట్ట కింద పెట్టారు. తర్వాత మెల్లగా, "నువ్వు చూశావామ్మా?" అన్నారు.

"లేదండి. నాన్న చెప్పాడు."

"నేనూ చూళ్ళేదమ్మా. బండి లేకపోవడం ఒక్కటే చూశాను. మిగతాదంతా నేను కలిపిందే."

అక్కడితో వదిలేస్తారనుకున్నాను. ఆయన మాత్రం ఆ కథ అంతకుముందు విన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి, మరుసటి శుక్రవారం రప్పించారు. "ఎంకన్న పారిపోయాడని ఇన్నేళ్ళూ చెప్పాను. తెలిసి చెప్పింది కాదండి, కోపం కొద్దీ చెప్పింది. తప్పయిపోయింది," అని అందరి ముందూ నాకు దణ్ణం పెట్టారు. ముందు గెలిచానన్న గర్వం, వెంటనే ఏడుపు వచ్చాయి.

"ఇకమీదట ఈ ముక్క నువ్వు చెప్పమ్మా. ఎవరు చెప్పగా విన్నావో అది కూడా చెప్పు," అన్నారు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆ శుక్రవారాలు ఫింటాస్‌లో మా ఇంట్లో జరుగుతున్నాయి. నాన్న దగ్గరికి వచ్చేసరికి, వెనక్కి వస్తుండగానే బండి లాక్కున్నారని గట్టిగా చెప్పేసి ఊరుకోవాలనిపిస్తుంది. నాన్న అబద్ధమాడలేదని నా ప్రాణానికి తెలుసు. అయినా, "ఇది మా నాన్న చెప్పిందండి, నేను చూళ్ళేదు," అంటాను.