మా ఇంటి జవహర్‌నగర్

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో నేను చావు ముఖం చూసి వస్తాను. అదీ ఏ ఆసుపత్రి మంచం మీదో గౌరవంగా కాదు. శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన, ఒక చేత్తో కారు డోరు, ఇంకో చేత్తో ఎవరిదో మక్కచేను కంచె పట్టుకుని, నోట్లోంచి సబ్బు నురగలాంటిది కారుస్తూ. అటుగా పోతున్న లారీ డ్రైవరొకాయన వేగం తగ్గించి చూసి, తాగిన మనిషనుకుని తల తిప్పుకుపోయాడు. నేను జన్మలో కల్లు కూడా ముట్టినదాన్ని కాదు. నవ్వదలచినవాళ్ళు మొహమాటపడకండి. నాకైతే ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది.

సంగతేమిటంటే, నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టేస్తారు. మేడ్చల్‌లో మా చుట్టాలు ఈ వార్త విని రెండు పార్టీలయ్యారు. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందనేవాళ్ళు కొందరు, ఆ డాక్టరు నంబరివ్వమని చెవిలో అడిగేవాళ్ళు కొందరు. చాలామంది రెండు పార్టీల్లోనూ ఉన్నారు.

ఎందుకు చేయించుకున్నానంటే, మా అమ్మ వల్ల. అల్వాల్‌లో మా ఇంటి మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేది. మొదట షుగరు, తర్వాత కిడ్నీలు, నేను డిగ్రీలో ఉండగానే పోయింది. కూతురు మిన్ను పుట్టాక నా రిపోర్టులు, నా ఆయాసం, చివరికి నేను మెట్ల మీద కూర్చునే తీరు కూడా అమ్మవే అయ్యాయి. మిన్నుకు ఐదేళ్ళు. తన జడ తాను వేసుకోవడం కూడా రాదు. అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

ఇక ప్రయాణం సంగతి. నన్ను థియేటర్లోకి తీసుకుపోయినప్పుడు మా అత్తమ్మ బయట బెంచీ మీద కూర్చుని వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. కోడలు క్షేమంగా బయటికొస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని. కంగారు పడకండి, మా వైపు దేవుడికి ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటారు. మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూచి ఇస్తారు. మొక్కు మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, అత్తమ్మ మొక్కింది నా పాత బరువుకు. నేనేమో వారం వారం తరిగిపోతున్నాను.

"మొక్కింది ఓ బరువుకు, ఇచ్చేది ఓ బరువుకు," అని అత్తమ్మ రోజూ నన్ను కిందికీ పైకీ చూసి నిట్టూర్చేది. "దేవునికి తక్కువ తూకం పెడ్తమా బిడ్డా? జల్దీ పోవాలె."

మా ఆయన నరేందర్ నోరు ఊరుకోక, ఇంకో ఏడాది ఆగితే బెల్లం ఇంకా కలిసొస్తుంది కదమ్మా అన్నాడు. ఆ మాటకు అత్తమ్మ కొన్నాళ్ళు అతనికి అన్నం పెట్టింది గానీ కూర ఏమిటో చెప్పలేదు. అలా, నేను జావల నుంచి మెత్తటి తిండిలోకి అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజుల్లో, మా ప్రయాణం ఖాయమైపోయింది.

నేను అసలే భయస్థురాలిని. మిన్ను తుమ్మితే థర్మామీటరు వెతికే రకం. అలాంటిది కొత్త కడుపుతో తొలి ప్రయాణం. యుద్ధానికి పోయే రాజు కూడా అంత సరంజామా సర్దుకుని ఉండడు. ఐసు పెట్టెలో మెదిపిన గుడ్డు, మెత్తగా ఉడికించిన పెసరపప్పు, నీళ్ళు వడకట్టిన పెరుగు. తినడానికి మిన్నుకు ఒకప్పుడు ఉగ్గు పెట్టిన చెంచా. డాక్టరమ్మ చెప్పిన నియమాలు నాకు సుప్రభాతంలా కంఠతా వచ్చు. ముందు గుడ్డూ పప్పూ తినాలి. నోట్లోనే పిండి చేసి మింగాలి. తింటూ నీళ్ళు తాగకూడదు. కడుపు చాలనగానే ఆపాలి. మైదా జోలికి అసలే పోకూడదు.

శత్రువులు ఎటునుంచి వస్తారో ముందే ఊహించి కాపలా పెట్టాను. దారిలో ఏ మటన్ ధాబా ముందూ కారు ఆపనని నరేందర్ చేత మాట తీసుకున్నాను. సిద్దిపేటలో మేనత్తకు ఫోన్ చేసి, వస్తాం గానీ తినం అని చెప్పాను. ఆవిడ అలిగింది, అలగనీ అనుకున్నాను. అత్తమ్మ సకినాల సంచిని ఆమె ఒళ్ళోనే ఉంచుకోవాలని, నా వైపు ముడి విప్పకూడదని షరతు పెట్టాను. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. నేను కడుపు కొద్దీ బుక్క అని మార్చి రాసుకున్నాను.

పొద్దున్నే బయల్దేరి శామీర్‌పేటలో టిఫిన్‌కు ఆగాం. మిన్ను మైసూర్ బజ్జీ కావాలంది. నరేందర్ దోశ, అత్తమ్మ పూరీ. నేను నా డబ్బా తెరిచి, ఉగ్గు చెంచాతో గుడ్డు తీసుకుని, నమలడం మొదలుపెట్టాను. హోటలామె చట్నీ వెయ్యడానికొచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఏందక్కా, గింత పాప గంత పెద్ద ప్లేటు తింటాంది, మీరేమో పాప చెంచాతోని తింటున్నరు."

"డాక్టరమ్మ చెప్పింది," అన్నాను, దేశసేవ చేస్తున్నదానిలా.

అత్తమ్మకు నన్ను చూసి పూరీ గొంతు దిగలేదు. "ఒక్క తునక గూడ వద్దా బిడ్డా? తినకపోతే మానె, అల్లం చట్నీ వాసనన్న సూడు."

"వద్దత్తమ్మా."

ఆ 'వద్దు' నేను ఎంత చక్కగా అన్నానో మీరు విని ఉండాల్సింది. ముప్ఫై ఏళ్ళుగా దేనికీ వద్దనని నోరది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రెండూ ఒకే పూట గెలిచాననుకున్నాను. చెంచా తుడిచి, మిన్ను మూతి కడిగి, దాని ప్లేటు ఖాళీ చేసి, డబ్బాలు సర్ది, గెలిచిన మహారాణిలా కారెక్కి కూర్చున్నాను.

తుర్కపల్లి ఇంకా రానే లేదు. రొమ్ము ఎముక కింద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టనిపించింది. కాసేపటికి ఆ వేలు పిడికిలయింది. నోరంతా ఉమ్ము ఊరుతోంది, మింగితే లోపలికి పోవడం లేదు. అప్పుడు నేను, నియమాలన్నీ కంఠతా వచ్చిన నేను, తెలివైన పని చేశాను. సీసా ఎత్తి నీళ్ళు తాగాను. ఏనుగెల్లింది గానీ తోక చిక్కిందంటారే, ఆ తోక మీద బిందెడు నీళ్ళు పోస్తే ఏమవుతుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఊపిరి అందలేదు. "ఆపు," అన్నాను. అంతే అనగలిగాను.

ఆ తర్వాత కంచె, నురగ, లారీ డ్రైవరు. అవి మీకు చెప్పాను.

"ఏం తిన్నవ్?" నరేందర్ నా వీపు రుద్దుతూ అడిగాడు.

"గుడ్డు. నువ్వు సూసినవు గదా."

అతను అత్తమ్మ వైపు తిరిగాడు. అత్తమ్మ అడగకముందే సకినాల సంచి ముడి చూపించి, రాజన్న మీద ఒట్టు, విప్పలేదంది. అయినా నరేందర్ ముడి విప్పి లోపల చూశాడు. కన్నకొడుకే తనను దొంగలా చూస్తున్నాడని అత్తమ్మ ఏడుపు అందుకుంది. నువ్వే దోశ తునక పెట్టి ఉంటావని ఆమె అతన్ని అంది. గుడ్డు పాడైందేమోనని అతను ఐసు పెట్టె వాసన చూశాడు. రోడ్డు మీద ఇంత విచారణ జరుగుతుంటే నాకు ఒక్కటే తెలుసు. లోపల కుట్టు ఊడింది. ఊడితే ఏమవుతుందో ఆపరేషన్‌కు ముందే చెప్పారు. మా అమ్మ పోయిన వయసు దాకా కూడా నేను బతకలేకపోయానన్నమాట.

చావబోయే మనిషి చివరి మాటలు గొప్పగా ఉంటాయంటారు. నావి ఇవి: "మిన్నుకు జడ గట్టిగ గుంజి ఏయకు, దానికి తలనొస్తది."

నరేందర్ ముఖం తెల్లబోయింది. కారులో మిన్ను కిటికీకి ముక్కు ఆనించి నన్నే చూస్తోంది. ఏడవడం లేదు. అది ఏడవకపోవడమే నన్ను నొప్పికంటే ఎక్కువ భయపెట్టింది.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, చుక్క నీళ్ళు కూడా పట్టకుండా వెంటనే తీసుకురమ్మంది. రాజన్న దిక్కు పోవాల్సిన కారు వెనక్కి తిరిగి పేట్ బషీరాబాద్ దారి పట్టింది. దారంతా అత్తమ్మ నా అరచేయి రుద్దుతూ, మొక్కుకు ఇంకో మొక్కు జోడిస్తూ వచ్చింది.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, పరీక్షలు చేశారు. ఆ గొడవలోనే ఎప్పుడో లోపలి పిడికిలి ఒక్కసారి విచ్చుకుంది. నొప్పి పోయింది. డాక్టరమ్మ ఫిల్ములు చూసి, కుట్లు గట్టిగానే ఉన్నాయని, ఏదో ఇరుక్కుని జారిందని చెప్పింది.

"మైదా ఏమైనా తిన్నారా? చెప్పండి, తిట్టను."

"లేదు మేడమ్."

"ఒక్క ముక్కయినా?"

"నిజంగా తినలేదు. కావాలంటే..." అంటూ, మంచం పక్కన నిలబడ్డ మిన్ను తల మీద చెయ్యి పెట్టాను. ఒట్టు వెయ్యడానికి. నా కడుపున పుట్టినదాని మీద.

మిన్ను తలెత్తింది. "నా బజ్జీ తిన్నది," అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ ఫిల్ములు పక్కన పెట్టింది.

"ఎప్పుడే?" అన్నాను.

"నేను చాలన్న గదా. మిగిలింది నువ్వు తిన్నవు. ఎప్పుడు నువ్వే తింటవు గదమ్మా."

ఒట్టేసినా చదివేవాళ్ళు నమ్మరు గానీ, నేను అబద్ధం చెప్పలేదు. నాకు గుర్తు లేదు. ఇప్పటికీ లేదు. ప్లేటు ఖాళీ చేశానని మీకు కూడా చెప్పాను చూడండి, మీరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అది తినడం కాదు, గిన్నెలు సర్దడం. పట్నంలో అందరి చెత్తా జవహర్‌నగర్ గుట్టకు పోయినట్టు మా ఇంట్లో అందరి మిగులూ నాలోకి పోతుంది. మిన్ను సగం ఇడ్లీ, నరేందర్ కొరికి వదిలిన చపాతీ, అడుగంటిన పాయసం. మా అమ్మ కూడా అంతే. నా కంచంలో మిగిలిన పెరుగన్నం ఆమె తింటూ ఉండగానే నేను కాలేజీకి పరిగెత్తేదాన్ని. ఊరందరికీ కాపలా పెట్టిన నేను నా చేతికి పెట్టుకోలేదు. కంచె చేను మేస్తుందని విన్నాను గానీ, మేసిన సంగతి కంచెకే తెలియకపోవడం నా దగ్గరే చూశాను.

మొదట నవ్వింది అత్తమ్మే. సంచి ముడి చూపించి కొడుకును చూసి నవ్వి, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టరమ్మ మాట ప్రకారమే తిట్టలేదు. తిడితే బాగుండేది.

కథ ఇక్కడ అయిపోయి ఉంటే నేను రాసేదాన్నే కాదు. సాయంత్రం నరేందర్ క్యాంటీన్ నుంచి మిన్నుకు ఇడ్లీ తెచ్చాడు. ఏనాడూ ప్లేటు పూర్తి చెయ్యని పిల్ల, బుగ్గలు ఉబ్బిపోయేలా కుక్కుకుంటోంది. కళ్ళలోంచి నీళ్ళొస్తున్నాయి. నెమ్మదిగా తినమన్నాను.

"మొత్తం తినాలె," అంది నోటినిండా ఇడ్లీతో. "నేను ఇడిసిపెడితే నువ్వు తిని సచ్చిపోతవు."

ఇంటికొచ్చాక కూడా అదే. కరివేపాకు కూడా నమిలి మింగేది. ప్లేటు ఎత్తి నాకు చూపించేది, లోపల నా ముఖం కనిపించేంత శుభ్రంగా. దీనికోసం నేను నా కడుపు కోయించుకుంటే, నాకోసం ఇది తన కడుపు సాగదీసుకుంటోంది. అప్పుడు మొదలుపెట్టాను పాఠం. "ఒక్క బుక్క ఇడిసిపెట్టు బిడ్డా. నేను ముట్ట." అన్నం పారేస్తే కళ్ళు పోతాయని పెరిగిన నోటితో ఆ మాట అనడానికి నాకు నాలుక తిరగలేదు. అత్తమ్మ ఆ పాఠం విన్నది. మర్నాడు తన కంచంలో తనే ఒక ముద్ద వదిలి, మిన్నుకు చూపించి లేచింది. మెడలో పుస్తెలు తీసి పక్కన పెట్టినంత కష్టపడింది పాపం.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్ళీ వేములవాడ పోయాం. ఈసారి టిఫిన్ ఇంట్లోనే. తక్కెట్లో కూర్చున్నాను. అత్తమ్మ చూసి పెదవి విరిచింది, మొక్కిన బరువుకు చాలా తక్కువ. ఒక్క క్షణం ఆలోచించి, మిన్నును ఎత్తి నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఇగ సరిపోయింది," అంది.

నిజంగానే సరిపోయింది. నాలోంచి పోయిన బరువంతా గౌను వేసుకుని నా ఒళ్ళో కూర్చుని కాళ్ళూపుతోంది.

తూకం అయ్యాక మిన్ను చేతిలో బెల్లం గడ్డ పెట్టారు. సగం కొరికి, నన్ను ఒకసారి, గడ్డను ఒకసారి చూసి, చెయ్యి చాపింది. "ఇగ చాలు."

ఆసుపత్రి తర్వాత అది దానంతట అది చాలనడం అదే మొదటిసారి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తిరుగుతూ ఉండగానే నా కుడి చెయ్యి తనంతట తాను లేచి ఆ గడ్డ అందుకుని నోటి దాకా వచ్చేసింది. అత్తమ్మ మణికట్టు పట్టుకుంది. నరేందర్ మోచెయ్యి పట్టుకున్నాడు. పక్కన ఎవరో మొక్కు కోసం గుడి చుట్టూ తిప్పుతున్న కోడె ఒకటి ఆగింది. మిన్ను నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, బెల్లం తీసి దాని నోటికందించింది. అది ఎవరి మొహమూ చూడకుండా తినేసింది.

కనుక ఆ కోడె సాక్షిగా, నా అరటికాయంత కడుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ప్లేటులో వడ్డించనిది నేను ముట్టను. అన్నం పారేసిన పాపమంతా నా ఖాతాలోనే రాసుకోండి, మోస్తాను. మోయడానికి ఇప్పుడు ఒంట్లో చోటుంది. మా ఇంటి జవహర్‌నగర్ మూతపడింది. గేటు దగ్గర ఐదేళ్ళ కాపలాదారు నిలబడి ఉంది. తనకు లంచాలు పనిచేయవు.